ఎడమకాలు

రుస్తాక్‌లో ఎండ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే
అర్బాబ్ హిలాల్ మూడు తాళాలు బల్ల మీద పెట్టి
"రిదా, వీటిలో ఏది అమ్మేద్దాం?" అన్నాడు.
రెడ్డెప్ప అనే పేరు ఆయన నోట్లో
ఇరవై రెండేండ్లుగా సగమే పలుకుతాది.

మూడూ ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే తెలుపు.
కాగితాల్లో ఉండేది చెప్పమంటే సులువే:
పాతదాంట్లో ఎనభై గుర్రాలు,
నడిమిదాంట్లో నూటిరవై,
కొత్తదాంట్లో నూటరవై చిల్లర.
చిల్లర గుర్రం ఎట్లుంటాదో
నేనెప్పుడూ చూడలా.

పాతది చలికాలం పొద్దున
గొంతులో కళ్లె తెగనట్టు దగ్గి దగ్గి
నల్లగా ఒకసారి ఉమ్మేసి కదిలేది.
దాంతో ఎక్కు ఎక్కాలంటే
ఎక్కు రాకముందే గేరు దించాల.
వాగు దాటినాక రెండో మలుపు,
కొమ్మ విరిగిన తుమ్మచెట్టు కాడ
రెండు నుంచి ఒకటికి.
ఒక్క బండి పొడుగు ఆలస్యమైతే
సగంలో నిలబడి, వెనక్కి జారి,
ట్యాంకులో నీళ్లు
నా వీపులోనే ఊగినట్టుండేది.
మీటరు చచ్చి ఏండ్లయింది,
ఇంజను సంగతి అరికాలే చెప్పేది.
అందుకే చెప్పులిప్పి తోలేవాణ్ణి.

నడిమిది పెట్రోలు.
అరిపించాల దాన్ని, అరిస్తేనే పరిగెత్తేది.
తారు మీద సొహార్ దాకా హాయి.
గతుకుల మీద ఖాళీగా పోతే మాత్రం
వెనక భాగం మేకపిల్ల మాదిరి గెంతేది.
మఫీజుల్ ఊరికే నాలుగు గడ్డిమోపులు ఎక్కించేవాడు,
"బరువు లేకపోతే దీనికి బుద్ధి రాదు భాయ్" అని.
వాడికి ఆ ఏడే పెండ్లయింది.
వాడన్నది బండి గురించేనా అని
నాకిప్పటికీ అనుమానం.

ఒకరాత్రి కిడ్నీలో రాయని వాడు మెలికలు తిరుగుతుంటే
అదే బండిలో కిందికి దించినా.
మోపులు వేసుకోవడం మరిచిపోయినా.
ప్రతి గెంతుకీ వాడు వాళ్లమ్మని పిలిచినాడు,
నేను బండిని తిట్టినా.
"గతుకులకే జారిపోయినట్టుంది రాయి"
అన్నాడు డాక్టరు, నవ్వుతా.
మఫీజుల్ నవ్వలేదు.

కొత్తది ఆటోమేటిక్. మళ్లీ డీజిలే, కానీ టర్బో.
తొక్కితే ఒక్క రెప్పపాటు ఆలోచిస్తాది,
ఆ తర్వాత వీపు సీటుకి అతుక్కుంటాది.
తుమ్మచెట్టు కాడ నాకు పనిలేదు.
ఎక్కు దానికే తెలుసు, దిగువ దానికే తెలుసు,
గీత దాటితే కూతేస్తాది,
జోరు పెరిగితే మస్కట్‌లో ఉండే
అర్బాబ్ కొడుకు ఫోనుకి చాడీ చెబుతాది.
నడుం నొప్పి లేదు.
ఏసీ గాలి మోకాళ్ల దాకా వస్తాది.
అబద్ధమెందుకు, మంచి బండే.

మెకానిక్ గుల్జమీన్ బానెట్ ఎత్తి,
ప్లాస్టిక్ మూత మీద రెండుసార్లు తట్టి,
"వీడికి డాక్టరు వేరే" అని మూసేసినాడు.
టీ మాత్రం తాగిపోయినాడు.

ఎడమకాలికే ఏమీ అర్థం కాలేదు.
ఎక్కు కనబడగానే లేచి
లేని క్లచ్చి కోసం కింద పరుపుని తొక్కుతాది.
ఇన్నేండ్ల కూలీ,
పని నిలిపేసినారని ఎవరూ చెప్పలా దానికి.
రాత్రి రూములో కూడా తొక్కుతాది,
కిందిమంచం వాడు మలయాళంలో తిడతాడు.

అర్బాబ్ ఇంకా తాళాలే చూస్తున్నాడు.
"నడిమిది అమ్మేయండి" అన్నా.
"పాతది?"
"దాన్ని కొనేవాడు యాడుండాడు బాబా!"
అబద్ధం. మొన్ననే గుల్జమీన్ మూడొందల రియాళ్లకి అడిగినాడు,
ముందు ఆయన్నే అడిగినాడంట.
అర్బాబ్ గడ్డం గోక్కొని
ఒక తాళం నా వైపు జరిపినాడు:
"గురువారం నీళ్లు దీంట్లో తీసకపో."

గురువారం.
చెప్పులు సీటు కింద.
తుమ్మచెట్టు ఇంకా రాకముందే దించేసినా,
మోకాలి మీద నమ్మకం లేక.
దగ్గింది, ఉమ్మింది, ఆగలేదు.
మేకలు తోలుకుంటా ఒక పిల్లోడు
మా పక్కనే నడిచి నడిచి
విసుగొచ్చి
మమ్మల్ని దాటిపోయినాడు.